పద్నాలుగు రోజుల గడువు

మల్లికార్జున్ క్లిప్‌బోర్డు పట్టుకుని ప్లాట్ల మధ్య నడుస్తుంటే, వంగి పని చేసుకుంటున్నవాళ్ళు నడుము ఎత్తి అతని వంక చూసేవారు. కొందరు చెయ్యి ఊపేవారు. కొందరు గబగబా ఇంకో నాలుగు కలుపు మొక్కలు పీకేవారు. అతనికి రెండూ నచ్చేవి.

అది 1984 వేసవి. అమెరికాలో, షికాగో దగ్గరి నేపర్‌విల్ శివారులో, మొక్కజొన్న చేలు ఇంకా ఇళ్ళుగా మారని వైపు, తొంభై కూరగాయల ప్లాట్లు ఉండేవి. ఒక్కోటి ఇరవై అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు. పెరడు లేనివాళ్ళకీ, ఉన్నది చాలనివాళ్ళకీ ఏడాది లెక్కన రాసిచ్చేవారు. మూలకో నంబరు వేసిన కొయ్య, నాలుగు ప్లాట్లకో నీళ్ళ కుళాయి. వాటి బాగోగులు చూడటానికి ఒక తోట సంఘం, దానికి మిసెస్ లిండ్‌క్విస్ట్ అనే రిటైరైన స్కూలు టీచరు అధ్యక్షురాలు. ప్లాటు కావాలని పేరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళు ఆ ఏడు ముప్ఫై నలుగురు. అందుకే రూలు గట్టిగా పెట్టారు. ప్లాటులో సగానికి మించి కలుపు కనిపిస్తే ఒక నోటీసు. మళ్ళీ కనిపిస్తే రెండో నోటీసు. ఆ రెండోదాని తేదీ నుంచి పద్నాలుగు రోజుల్లో బాగుచేయకపోతే ట్రాక్టరుతో దున్నేసి లిస్టులో తరవాతివాళ్ళకి ఇచ్చేస్తారు.

రెండు వారాలకొకసారి అన్ని ప్లాట్లూ తిరిగి కలుపు ఎంతుందో రాసే బాధ్యత మల్లికార్జున్‌ది. అతనికి యాభై ఏళ్ళు. ఒక లాబొరేటరీలో కెమిస్టు. పొద్దున్న ఎనిమిదికి వెళితే నాలుగున్నరకల్లా బయటపడే ఉద్యోగం కాబట్టి అయిదింటికి తోటలో ఉండేవాడు. అతని సొంత ప్లాటులో వంకాయలు, టమాటాలు, బెండకాయలు వరసలు తప్పకుండా కాసేవి. సంఘం కమిటీలో అతనొక్కడే ఇండియన్. అతన్ని ఆ పనికి ఎన్నుకున్న రోజున ఎవరో వెనక వరసలోంచి, "ఇంక ఇండియన్ల ప్లాట్లకి నోటీసులు రావన్నమాట," అన్నారు. అందరూ నవ్వారు. మల్లికార్జున్ కూడా నవ్వాడు. కాని ఆ మాట అతని మనసులో ముల్లులా ఉండిపోయింది.

తెలుగువాళ్ళవి అప్పటికి మూడే ప్లాట్లు. వాటిలో నలభై ఒకటో నంబరు నళినిది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పదకొండు దాకా డ్యూటీ. వారానికి రెండు పొద్దుటిపూటలు సర్టిఫికెట్ కోసం కాలేజీలో క్లాసులు. కిండర్‌గార్టెన్‌కి వెళ్ళే కూతురు. వారాంతాల్లో ఒకటి డ్యూటీ, ఒకటి సెలవు. ఆమె భర్త శ్రీధర్ షికాగో రైలెక్కి వెళ్ళి సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చేవాడు. వాళ్ళకున్నది ఒకటే కారు. నళిని తోటకి వస్తే పదిహేను రోజులకొకసారి వచ్చేది, వచ్చినరోజు మాత్రం ఎండ నెత్తికెక్కేదాకా పనిచేసేది.

జూన్‌లో ఆమె ప్లాటుకి మొదటి నోటీసు వెళ్ళింది. జూలై మొదటి వారంలో మల్లికార్జున్ మళ్ళీ ఆ ప్లాటు ముందు నిలబడ్డాడు. ఒక పక్క గోంగూర మోకాలెత్తు వచ్చింది. రెండు వరసల చిక్కుడు పందిరి మీదికి పాకుతోంది. మిగతా నేలంతా గంగపాయల కూర పరుచుకుని ఉంది, మధ్యమధ్య దానంతటదే మొలిచిన తోటకూర. సంఘంవాళ్ళ జాబితాలో ఈ రెండూ కలుపు కిందే లెక్క. మల్లికార్జున్‌కి అవేమిటో తెలుసు. వాళ్ళమ్మ గంగపాయలతో పప్పు చేసేది. పెద్దగా చూసుకోకపోయినా పెరిగే కూర కాబట్టే నళిని దాన్ని పీకకుండా ఉంచిందని కూడా అతనికి తట్టింది. అయినా క్లిప్‌బోర్డు మీద 'కలుపు: అరవై శాతం' అని రాశాడు. అదే వేరే దేశంవాళ్ళ ప్లాటైతే తను ఏం రాసేవాడో, ఇదీ అదే రాశానని తనకి తాను చెప్పుకున్నాడు.

శుక్రవారం, జూలై ఆరున మిసెస్ లిండ్‌క్విస్ట్ రెండో నోటీసు టైప్ చేసి, కవరంటించి, పోస్టు చేయమని మల్లికార్జున్ చేతికిచ్చింది. అతను దాన్ని కారులో పెట్టుకుని మరిచిపోయాడు. సోమవారం ఆఫీసుకి వెళుతూ చూసుకుని డబ్బాలో వేశాడు.

*

జూలై ఇరవై ఒకటి, శనివారం. పొద్దున్న తొమ్మిదింటికి ట్రాక్టరు వచ్చింది. నలభై ఒకటో ప్లాటు దున్నడానికి పావుగంట పట్టింది. చిక్కుడు పందిరి కర్రలు మల్లికార్జునే ముందుగా లాగి పక్కన పెట్టాడు. గోంగూర మొక్కలు నాగలి కింద మడతపడి మట్టిలో కలిసిపోతుంటే ఆ పులుపు వాసన గాలిలోకి లేచింది.

పది గంటలవుతుండగా నళిని వచ్చింది. చేతిలో పార, నెత్తిన టోపీ, భుజాన నీళ్ళ సీసా. దారిలో సగం దూరంలోనే ఆగిపోయింది. తరవాత మెల్లిగా నడిచి వచ్చి దున్నిన మట్టి అంచున నిలబడింది.

"మల్లికార్జున్ గారూ, ఇదేమిటండీ?"

"నిన్నటితో టైమ్ అయిపోయిందమ్మా. సెకండ్ నోటీస్ ఇచ్చాం కదా. లెటర్ డేట్ ఆరో తారీకు."

ఆమె ప్యాంటు జేబులోంచి మడత పెట్టిన కవరు తీసింది. "లెటర్ నాకు పోయిన వారం బుధవారం వచ్చింది. కవర్ మీద పోస్టాఫీస్ స్టాంప్ చూడండి, జూలై నైన్. తొమ్మిదో తారీకు నుంచి లెక్కేసినా ఇంకా రెండు రోజులుంది. రెండు వారాలకి ఒక్క వీకెండ్ ఆఫ్ నాకు. అది ఈవేళే. అందుకే ఈవేళ క్లీన్ చేద్దామని పెట్టుకున్నాను."

మల్లికార్జున్ కవరు వంక చూశాడు. ఆ మూడు రోజులు ఎక్కడున్నాయో అతనికి తెలుసు.

పక్కనే నిలబడ్డ మిసెస్ లిండ్‌క్విస్ట్, "ఆవిడేమంటోంది?" అని ఇంగ్లీషులో అడిగింది.

"తేదీ గురించి," అన్నాడు మల్లికార్జున్.

"తేదీ ఉత్తరం మీదే ఉందిగా," అంది ఆవిడ. కటువుగా అనలేదు. "మీ ఇంట్లో ఎవరికైనా బాగోలేదా? నాకు ముందే ఒక ముక్క రాసి ఉంటే గడువు ఇచ్చేవాళ్ళం. అలాంటి వాటికి మేం ఎప్పుడూ కాదనం."

నళిని కవరు మడతపెట్టి జేబులో పెట్టుకుంది. "మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు," అని ఇంగ్లీషులోనే చెప్పింది. తరవాత మల్లికార్జున్ వైపు తిరిగి తెలుగులో అడిగింది. "అటువైపంతా గంగపాయల కూర అండీ. తోటకూర. మీకు తెలీదా?"

నళిని పక్కన పడేసిన పందిరి కర్రలు ఏరుకుని, చంకలో పెట్టుకుని కారువైపు వెళ్ళిపోయింది.

*

మల్లికార్జున్ భార్య కామేశ్వరి పిల్లల డాక్టరు, కూతురు రేణు స్కూల్లో చదువుతోంది. ఆ మధ్యాహ్నం ఆమె బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు, కారులో మరిచిపోయిన ఉత్తరం సంగతి తప్ప. రూలు అందరికీ ఒకటేనని, తెలుగువాళ్ళని వదిలేస్తే రేపు ఎవరూ తన మాట నమ్మరని అన్నాడు. ఆమె అవునంటుందనుకున్నాడు.

కామేశ్వరి చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టడం పూర్తిచేసింది. "మీరు తోటలో వారానికి ఎన్ని గంటలుంటారు?"

"పదిహేను. ఒక్కోసారి పద్దెనిమిది."

"ఆ టైమ్ ఎక్కడినుంచి వస్తోందండీ?"

"ఆఫీస్ నాలుగున్నరకి అయిపోతుంది కదా."

"నా క్లినిక్ అయిదున్నరకి అయిపోతుంది. తరవాత రేణుని ఆర్కెస్ట్రాకి డ్రైవ్ చేసేది నేను. గ్రోసరీ నేను. వంట నేను. ఈ లాండ్రీ నేను. మీరు ఆరింటికి టమాటాలకి నీళ్ళు పెడుతుంటే నేను స్టవ్ దగ్గర ఉంటాను." ఆమె గొంతు పెంచలేదు. "మన ప్లాట్ నా పేరు మీద ఉండుంటే మీరు జూన్‌లోనే దున్నించేసేవారు."

ఇంకో తువ్వాలు తీసుకుంది. పదిహేనేళ్ళుగా మల్లికార్జున్ ఆ ఇంట్లో బట్టలు వాటంతటవే మడతపడి అలమరలోకి వెళ్ళేవన్నట్టు ఉండేవాడు. లేచి వెళ్ళిపోదామనిపించింది. లేవలేక, బుట్టలోంచి ఒక చొక్కా తీసి మడతపెట్టాడు. సరిగ్గా రాలేదు. కామేశ్వరి దాన్ని విప్పి మళ్ళీ పెట్టలేదు, అలాగే దొంతర మీద ఉంచింది.

కాసేపటికి అతను, "ఆ లెటర్ మూడు రోజులు నా కార్‌లో ఉండిపోయింది," అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి. "ఆ మాట ఆ అమ్మాయికి చెప్పారా?"

"లేదు."

*

ఆగస్టులో ఒక ఆదివారం, ఫోన్ చేసి అడిగి, నళినివాళ్ళ అపార్ట్‌మెంటుకి వెళ్ళాడు. శ్రీధర్ తలుపు తీసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కూతురిని తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. సోఫా పక్కన పుస్తకాలు దొంతరగా ఉన్నాయి. పై పుస్తకంలో పెన్సిలు గుర్తుగా పెట్టి ఉంది.

మల్లికార్జున్ ఉత్తరం సంగతి చెప్పేశాడు. తన పొరపాటే అన్నాడు. "నా ప్లాట్‌లో సగం మీరు తీసుకోండి. ఈ సీజన్ అయిపోయేదాకా, వచ్చే ఏడు కూడా. ఎవరూ ఏమీ అనరు."

నళిని, "మీరిది ఆ రోజు అక్కడ ఎందుకు చెప్పలేదు?" అంది.

"మిసెస్ లిండ్‌క్విస్ట్ పక్కనే ఉంది."

"అవును. అందుకే అడుగుతున్నాను."

అతను కప్పు బల్ల మీద పెట్టాడు.

"మీరు సగం ఇస్తే తీసుకుంటే, అది మీరు నాకు చేసిన హెల్ప్ అవుతుంది," అంది నళిని. "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా అని ఆవిడ అడిగారు చూడండి, అదీ అలాంటిదే. మా ఇంట్లో ఎవరికీ జబ్బు లేదండీ. ఎవరూ పోలేదు. జాబ్ ఉంది, క్లాస్ ఉంది, పిల్ల ఉంది. టైమ్ తక్కువ, అంతే. టైమ్ తక్కువున్నవాళ్ళం నాలుగు మొక్కలు వేసుకోవాలంటే ఎవరో ఒకరికి జబ్బు రావాలా?"

"లిస్ట్‌లో ముప్ఫై నలుగురు ఎదురుచూస్తున్నారమ్మా. వాళ్ళకీ న్యాయం చెయ్యాలి కదా."

"చెయ్యాలి. నేను కాదన్నానా? ఖాళీగా పడుంటే వాళ్ళకి కడుపు మండుతుంది. అందుకే రెండేళ్ళ కింద అప్లికేషన్‌లోనే రాశాను, నాకు సగం ప్లాట్ చాలు, మిగతా సగం ఇంకొకళ్ళకి ఇవ్వండి అని. సగాలు ఇవ్వం అని జవాబొచ్చింది. అప్పటికి మీరు కమిటీలో ఉన్నారు."

ఆ అప్లికేషన్ అతనికి గుర్తుంది. లెక్కలు గజిబిజి అవుతాయని చర్చ లేకుండానే పక్కన పెట్టారు. అతనూ చెయ్యెత్తాడు.

"నాకు చెప్పినందుకు థాంక్స్," అంది నళిని, లేస్తూ. "కాని నాకు చెబితే ఏం లాభం? అక్కడ చెప్పండి."

*

తోట సంఘం సాంవత్సరిక సమావేశం నవంబరులో, ఊరి లైబ్రరీ కింది అంతస్తులో జరిగింది. బయట సన్నగా మంచు పడుతోంది. అరవై మంది దాకా వచ్చారు. మల్లికార్జున్ రెండు పేజీలు రాసుకుని తెచ్చుకున్నాడు. లేచి నిలబడ్డాక ఆ కాగితాలు కుర్చీ మీద పెట్టేశాడు.

ముందు ఉత్తరం సంగతి చెప్పాడు. మూడు రోజులు తన కారులో ఉందని, దున్నినరోజున ఆ విషయం తెలిసి కూడా నోరు విప్పలేదని చెప్పాడు. తరవాత గంగపాయల కూర గురించి చెప్పాడు. కలుపని రాసిన చేత్తోనే చిన్నప్పుడు దాన్ని అన్నంలో కలుపుకుని తిన్నానన్నాడు. హాలులో ఎవరూ నవ్వలేదు.

"నేను ప్లాట్లు చూసి మార్కులు వేస్తున్నాననుకున్నాను," అన్నాడు. "ఎవరికి ఎన్ని గంటలు తీరిక ఉందో దానికి వేశాను. నా తీరిక నా భార్య చేతి నుంచి వచ్చింది. అది కూడా నేను చూసుకోలేదు."

తరవాత తను అడగదలుచుకున్నవి అడిగాడు. సగం ప్లాట్లు కూడా ఇవ్వాలి. గడువు పోస్టాఫీసు ముద్ర తేదీ నుంచి లెక్కపెట్టాలి. నోటీసు అందినవాళ్ళు తాము ఏ రోజు వచ్చి బాగుచేస్తారో రాసి పంపితే, అది నెలలోపు అయితే, కారణం అడక్కుండా ఆ రోజు దాకా ఆగాలి. తినే ఆకు ఏదైనా, వేసినవాళ్ళు ముందే చెబితే కలుపు కింద రాయకూడదు.

ఒక పెద్దాయన లేచాడు. మూడేళ్ళుగా తన కూతురు లిస్టులో ఉందని, రెండు వారాలకొకసారి వచ్చేవాళ్ళకి మినహాయింపులిస్తే రోజూ వచ్చి పనిచేసుకోగలిగినవాళ్ళు బయటే ఉండిపోతారని అన్నాడు. అతని మాటలోనూ న్యాయముంది. మల్లికార్జున్ ఆ మాటే అని, "తొంభైలో ముప్ఫై ప్లాట్లని సగాలు చేస్తే ఇంకో ముప్ఫై మంది లోపలికి వస్తారు, మీ అమ్మాయితో సహా," అన్నాడు. పెద్దాయన కూర్చున్నాడు గాని ఒప్పుకున్నట్టు కనబడలేదు.

మిసెస్ లిండ్‌క్విస్ట్ ముఖం ఎర్రబడి ఉంది. "పన్నెండేళ్ళుగా ఈ రూలు అందరికీ ఒకేలా నడిచింది," అంది. ఓటింగ్ పెట్టారు. ఇరవై ఆరు మంది అవునన్నారు, ముప్ఫై ఒకరు కాదన్నారు. సమావేశమయ్యాక ఆవిడ మల్లికార్జున్‌ని పక్కకి పిలిచి, ఉత్తరం విషయంలో అలా జరిగాక అతను తనిఖీ పనిలో ఉండటం బాగుండదని చెప్పింది. అతను క్లిప్‌బోర్డు తెచ్చి ఇచ్చేశాడు.

ఆ వారమే నళినికి ఫోన్ చేసి చెప్పాడు. "ఓడిపోయాం," అన్నాడు.

"చెప్పారా, కార్ సంగతి?"

"చెప్పాను."

"సరేనండీ," అంది. ఫోన్ పెట్టేసింది. తరవాతి ఏప్రిల్లో శ్రీధర్‌కి అరిజోనాలో కంప్యూటర్ చిప్పులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చి, వాళ్ళు అక్కడి చాండ్లర్ ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు తెలుగువాళ్ళు ఇచ్చిన విందులో మల్లికార్జున్, కామేశ్వరి కూడా ఉన్నారు. నళిని కామేశ్వరితో చాలాసేపు మాట్లాడింది. మల్లికార్జున్‌తో, "ఉంటానండీ," అంది.

*

ఆ వేసవిలో మల్లికార్జున్ తోటకి వెళ్ళేది వారానికి రెండుసార్లే. మంగళ, గురువారాలు రేణుని ఆర్కెస్ట్రాకి అతనే తీసుకెళ్ళేవాడు. బట్టల పని కూడా అతని వంతుకి వచ్చింది. బెండ వరసల్లో మొదటిసారి గడ్డి మొలిచింది. జూలైలో అతని ప్లాటుకే మొదటి నోటీసు వచ్చింది. కొత్తగా తనిఖీ చేసే ఆవిడ అది చేతికిస్తూ సిగ్గుపడింది. అతను తేదీ చూసుకుని, సంతకం పెట్టి, శనివారం పొద్దున్నే వచ్చి శుభ్రం చేశాడు.

వెళ్ళిన రోజుల్లో తోటవాళ్ళతో మాట్లాడాడు. ఒక్కొక్కరితో వాళ్ళ ప్లాటు దగ్గరే. నోటీసు వస్తుందేమోనని భయపడి పిల్లల పుట్టినరోజు నాడు కూడా కలుపు తియ్యడానికి వచ్చిన నర్సు ఒకామె కనిపించింది. రెండు ఉద్యోగాలు చేస్తూ నిరుడు ప్లాటు వదులుకున్న ఒక దంపతుల అడ్రసు దొరికింది. వాళ్ళందరినీ నవంబరు సమావేశానికి రమ్మని అడిగాడు. కొందరు వచ్చారు, వచ్చినవాళ్ళు మాట్లాడారు. 1985 నవంబరులో అవే మార్పులు ఏడు ఓట్ల తేడాతో నెగ్గాయి. నెల గడువుని మిసెస్ లిండ్‌క్విస్ట్ మూడు వారాలకి తగ్గించింది. మల్లికార్జున్ ఒప్పుకున్నాడు.

మరుసటి వసంతంలో, మళ్ళీ ఖాళీ అయిన నలభై ఒకటో ప్లాటుని తాడు కట్టి రెండుగా చేశారు. ఒక సగం వాల్టర్ అనే ట్రక్కు డ్రైవరుకి వచ్చింది. అతను పన్నెండు రోజులు రోడ్డు మీద ఉండి, రెండు రోజులు ఇంటికి వచ్చే మనిషి. మిరపా, ఉల్లీ వేశాడు. ఆ సగం ప్లాటు ఎలా వచ్చిందో అతనికి తెలియదు, ఎవరూ చెప్పలేదు.

మల్లికార్జున్ చాండ్లర్‌కి ఉత్తరం రాశాడు. రూలు మారిందని, ప్లాటు సగాలైందని, వాల్టర్ గురించీ రాశాడు. మీకు అందాల్సింది మీరు వెళ్ళిపోయాక వచ్చింది, అందుకు ఏం చెప్పాలో తెలియడం లేదని కూడా రాశాడు. నెల తరవాత జవాబు వచ్చింది. ఒక చిన్న కాగితం.

"మల్లికార్జున్ గారికి నమస్కారం. సంతోషం. ఇక్కడ ఇంటి వెనక కాస్త స్థలం ఉంది, ఎండ మాత్రం విపరీతం. గోంగూర వేశాను. టైమ్ ఇప్పటికీ లేదు, కాని చూసి మార్కులు వేసేవాళ్ళు లేరు. నాకు ఆ ప్లాటు పోయినందుకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఉన్నమాట రాస్తున్నాను. కామేశ్వరి గారిని అడిగినట్టు చెప్పండి. నళిని."

అతను ఆ కాగితం కామేశ్వరికి ఇచ్చాడు. ఆమె చదివి, "బాగా రాసింది," అని తిరిగి ఇచ్చింది.

ఆగస్టులో ఒక సాయంత్రం మల్లికార్జున్ తోటలో ఉండగా తనిఖీ చేసే ఆవిడ అటుగా వచ్చింది. వాల్టర్ సగంలో గడ్డి మిరప మొక్కల ఎత్తుకి పెరిగి ఉంది. రెండో నోటీసు గడువు అయిపోయింది కదా, ట్రాక్టరుకి చెప్పనా అని, ఇంకా కమిటీలో ఉన్న అతన్ని అడిగింది. మల్లికార్జున్ ఆమె ఫైలు తీసుకుని కాగితాలు తిప్పాడు. ఒహాయోలో ఏదో పెట్రోలు బంకు నుంచి వాల్టర్ పంపిన కార్డు అందులో ఉంది, పదహారో తారీకున వస్తానని రాసి ఉంది.

"ఇంకా నాలుగు రోజులుంది," అన్నాడు.

ఆమె కార్డు చదువుకుని, తల ఊపి, పక్క ప్లాటు వైపు నడిచింది.